చాకలి పద్దు

మహారాణిపేటలో కలెక్టరాఫీసు వెనక రికార్డు గది.
పేజీకి అర్ధరూపాయి లెక్కన స్కానింగు నా పని.
ఉప్పు శాఖ కట్ట విప్పుతుంటే
పురికొసతో పాటు ఒక సన్నటి పుస్తకం జారి పడింది.
అట్ట మీద చెదలు తవ్విన గెడ్డలు, పాయలు.

వాల్తేరు మెట్ట మీద ప్లమ్‌రిడ్జ్ దొర బంగళా.
రాసింది దొరసాని.
పద్దెనిమిది వందల ఎనభయ్యారు, జూన్ మొదలు
సోమవారానికొక పేజీ:
చొక్కాలు ఇరవై ఒకటి, కాలర్లు పద్నాలుగు,
దిండు గలీబులు తొమ్మిది,
చిన్న గౌన్లు ఏడు.

దొర ఉప్పు మీద రాసిందంతా కట్టలో భద్రంగానే ఉంది:
భీమిలి దారిలో ఎవరి కుండలో పిడికెడు దొంగ ఉప్పు దొరికిందో,
జుల్మానా ఎంత పడిందో.
ఆయన ఒంటి ఉప్పు లెక్క మాత్రం
ఇక్కడే దొరికింది:
రోజుకి మూడు చొక్కాలు.

ప్రతి పేజీ అడుగున
నల్లటి చుక్కలు మూడు, ఒక అడ్డగీత.
సిరా మరకలనుకున్నాను.
కాదు, జీడిగింజ రసం.
ఏ ఇంటి గుడ్డ ఆ ఇంటికి చేరడానికి
అంచు మడతలో వేసే గుర్తు.
సంతకం పెట్టమంటే
అతనికొచ్చిన అక్షరం అదే కాబోలు.
ఏ ఉతుక్కీ పోయే నలుపు కాదది.

ఆగస్టు.
చిన్న గౌన్లు ఏడు.
చిన్న గౌన్లు ఏడు.
దుప్పట్లు ఇరవై మూడు, చిన్న గౌన్లు పదహారు.
అంకెలక్కూడా జ్వరం వస్తుందని
నాకప్పటిదాకా తెలీదు.
ఆ పై సోమవారం
చిన్న గౌన్లు అన్న మాట ఉంది, ఎదురుగా అంకె లేదు.
సున్నా చుట్టడానికి చెయ్యి రాలేదు ఆ తల్లికి.

మధ్యాహ్నం కేరేజీ విప్పకుండా
వన్‌టౌన్‌లో పాత దొరల సమాధుల దగ్గరికెళ్ళాను.
నాచు గోకితే దొరికింది:
మాబెల్, మూడేళ్ళ రెండు నెలలు.
ఒక మేక ఆ రాతిని నాకుతోంది,
సముద్రపు గాలికి ఉప్పు పట్టి ఉంటుంది.
అదిలించబోయి, ఊరుకున్నాను.

తిరిగొచ్చి పేజీ తిప్పాను.
సెప్టెంబరు ఆరు: చాకలి రాలేదు.
పదమూడు: ఈ వారమూ రాలేదు.
పెళ్ళాం చచ్చిపోయిందట. నాలుగణాలు కోత.

ఇంగ్లీషులో అది విడిగా నిలబడ్డ మాట, అంటున్నాడు అని.
తెలుగులోకొచ్చేసరికి క్రియ తోకకంటుకుని
ఒక్క అక్షరమైపోయింది: ట.
నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు.
ఆ అక్షరం గడపలోనే నిలబెట్టేశారు అతన్ని,
పైడయ్యో పెద్దయ్యో
వాళ్ళ స్పెల్లింగులో తేలని మనిషిని.

రెండు వారాలు అతనింట మైల.
రెండు వారాలు బంగళాలో గుట్ట పడ్డ మైల.
మాట ఒకటే.
దొరసానికి తెలుగు రాదు కాబట్టి వినపడలేదనుకుందామా,
బిడ్డ పోయి పదిహేను రోజులైన మనిషికి?

జ్వరం దుప్పట్లు ఇరవై మూడూ
గెడ్డలో ముంచి తీసిందెవరో పుస్తకంలో లేదు.
ఆవిడేనేమో.
ఇది నేనంటున్న మాట,
దీని చివర కూడా ఓ ట పెట్టుకోండి.

ఆవిడకి రాయి లేదు.
ఈ ఊరి కాగితాల్లో నాకు దొరికినంతవరకు
ఆవిడ చావుకి దాఖలా ఆ నాలుగణాలే.

సూపరింటెండెంటు తవిటయ్యగారు భుజం మీంచి చూశారు.
"చాకలి పద్దా? ఏటుంటాది దాన్లో?
ప్రాముఖ్యం గడిలో లేదని కొట్టీ."
కొట్టలేదు. ఖాళీగా వదిలేశాను.
ఖాళీ గడి ఉంటే కంప్యూటరు ముందుకెళ్ళనివ్వదు.
ఎర్రగా మెరుస్తూ కూర్చుంది.

ఈలోగా ఇంకో పేజీ.
సెప్టెంబరు ఇరవై: చొక్కాలు యాభై ఎనిమిది.
అడుగున మూడు చుక్కలు.
అడ్డగీత కొంచెం వణికినట్టుంది,
లేకపోతే అద్దం మీద
కాగితం నేనే కదిపానేమో.