ఠ లో చుక్క

తాళానికి చెవి ఉంది.
ఆ చెవికి లోలాకులు చేస్తాను నేను.
బెజవాడ ఆటోనగర్, వెల్డింగ్ షెడ్డు పక్క సందు.
బోర్డు లేదు, నాగుల్ మీరా అంటే చెప్తారు.

కొత్త చెక్క కొనను.
లారీ బాడీలు ఇనుముకు మారిపోయాక
పాత పలకలు పొయ్యిలోకి పోతుంటే
అడ్డం పడి, బేరమాడి తెచ్చుకుంటాను.
ఏ పలక ఏ సరుకు మోసిందో
రంపం పెడితే తెలుస్తుంది.
మిర్చి మోసినది కోస్తే ముప్పావుగంట తుమ్ములు.
చేపల బండిది వారం ఎండబెట్టినా
ఐసు నీళ్ల వాసన వదలదు.
నూజివీడు మామిడి మోసిన టేకు ఒకటి దొరికింది ఒకసారి.
అది అమ్మలేదు,
మా ఆవిడ బీరువా తాళానికి పెట్టాను.

మా నాన్న ఇదే చోట పద్దెనిమిది అడుగుల దూలాలు కోసేవాడు.
నేను వేలెడంత ముక్కలో పేర్లు కోస్తాను.
గుర్రం తోక వెంట్రుకంత బ్లేడు,
కుట్టుమిషన్‌లా టకటకటక.
విరిగితే టింగుమంటుంది.
ఇన్నేళ్లయినా ఆ మోతకి
కన్ను మూసుకుంటూనే ఉన్నాను.

తెలుగు అక్షరాలు గుండ్రన, అందరూ అంటారు.
ఆ గుండ్రం లోపల ఏముందో కోసేవాడికి తెలుసు.
ముందు డ్రిల్లుతో చిన్న చిల్లు,
బ్లేడు ఊడదీసి, చిల్లులో దూర్చి, మళ్లీ బిగించి
'ర' లోపల ఒక ప్రదక్షిణం చేసి రావాలి.
సున్న పక్కవాళ్లకి ఆనుకోకపోతే నిలబడదు.
కొమ్ము పొడుగైతే జేబులో విరుగుతుంది.
"ఇంగ్లీషులో చేసుకోరాదూ, మూడు నిమిషాల పని"
అంటాడు వెల్డింగ్ కోటిరెడ్డి.
చేస్తాను, అడిగినవాళ్లకి.

పేరుకి అరవై రూపాయలు.
రమ అయినా అరవై, ఝాన్సీ అయినా అరవై.
ఆ పిల్ల బీసెంట్ రోడ్డులో చీరల షాపులో చేస్తుంది,
స్కూటీ వాయిదాలు తీరిపోయిన రోజున వచ్చింది.
'ఝ' ఒక్కటే నలభై నిమిషాలు. రెండు బ్లేడ్లు.
"ఒత్తులు తీసేసి రేటు తగ్గించు" అని
సుబ్బయ్య గారొకరు నిజంగానే అడిగారు.

ఇంక నీలకంఠం.
పదిచక్రాల లారీ, సెకండ్ హ్యాండుదే, కానీ సొంతం.
కొబ్బరికాయ కొట్టిన తడి చేత్తోనే వచ్చాడు.
మొదటిసారి కోసినప్పుడు
ఠ లో చుక్క జారి రంపపు పొట్టులో పడింది.
దేన్నీ అంటుకోని చుక్క ఎలా నిలుస్తుంది మరి?
ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని వెతికాం.
"నీలకంరం, నీలకంరం" అని చదివి చదివి నవ్వాడు.
"అసలు విషమే జారిపోయింది కదయ్యా!"

రెండోసారి చుక్కని గోడకి కలుపుతూ
నూలుపోగంత వంతెన వదిలాను.
వెలుతురుకి పట్టుకుని చూశాడు.
"గొంతులో చేపముల్లులా ఉంది" అన్నాడు.
కాసేపాగి, బాగుందన్నాడు.

నిన్న మళ్లీ వచ్చాడు, కరెంటు పోయిన వేళ.
ఏడాదిన్నర అయిందేమో.
రింగు ఉంది, పేరు ఉంది, తాళంచెవి లేదు.
ఫైనాన్స్ వాళ్లు గొల్లపూడి దగ్గర బండి ఆపారట.
"తాళం ఇమ్మన్నారు, ఇచ్చాను.
పేరు ఇమ్మనలేదు."
ఇప్పుడు ఇంకొకరి బండి, జీతానికి.
పొద్దున తాళం చేతికి రాగానే పేరు తగిలిస్తాడట.
రాత్రి ఓనరుకి అప్పజెప్పేముందు విప్పి
పేరు జేబులో వేసుకుంటాడట.

చెమటకి చెక్క నల్లబడింది.
'నీ' మీద దీర్ఘం అరిగి 'ని' అయింది.
వంతెన ఉంది. చుక్క ఉంది.

కొత్తది కోసివ్వమంటాడనుకున్నాను.
"కాస్త వదులు రింగు ఉంటే వెయ్యి మీరా,
రోజూ రెండుసార్లు తీసి పెట్టడం, గోరు విరుగుతోంది."

డబ్బా బోర్లించి వెతికాను.
మెత్తగా తెరుచుకునేది ఒకటి దొరికింది.
వేసి తీసి, తీసి వేసి చూపించాను.
వద్దన్నా ఐదు రూపాయలు బల్ల మీద పెట్టి
సందు దాటుతున్నాడో లేదో
కరెంటు వచ్చింది,
స్విచ్చి ఆపడం మరిచిన రంపం
ఎవరి పేరూ లేకుండా ఆడడం మొదలుపెట్టింది.