ఊరికే

బుగ్గవంక గట్టు మీది పార్కుకు
నాలుగోసారి గీస్తున్నాను ప్లాను.
జారుడుబల్ల ఉంది. అది పదేళ్లు దాటనివాళ్లది.
నడకదారి ఉంది. అది షుగరున్నవాళ్లది.
మధ్యలో కాళ్లు పొడుగై, గొంతు మారుతున్నవాళ్లకి
ఒక బోర్డు ఉంది:
గుంపుగా కూర్చోరాదు.

ఆదివారం టేపు పట్టుకుని పోయాను.
జిలాని, ఓబులేసు, ఇంకో ఇద్దరు
ఊయల స్తంభానికి ఆనుకుని ఉన్నారు.
నన్ను చూసి లేచారు.
పెద్దవాళ్లొస్తే లేచిపోవడం వాళ్లకి
చెప్పులు తొడుక్కున్నంత అలవాటు.
"ఏం కావాలిరా మీకు ఈడ?"
బొటనవేలితో చాలాసేపు నేల గీకి
ఓబులేసు అన్నాడు:
"ఏం వద్దు మేడం. ఊరికే ఉండేదానికి."

ఆడపిల్లలు పార్కులో లేరు.
తస్లీమా ట్యూషన్ సందులో దొరికింది,
సైకిల్ దిగకుండానే, ఒక కాలు నేలకానించి:
"లైటు కావాలక్కా. మా మొహం మీద గాదు,
వచ్చేటోళ్ల మొహం మీద.
బయటికి రెండు దార్లుండాల.
కాళ్లు ఊపుకుంటా కూర్చునే గోడ ఒకటి.
ఆరైతానే ఎవరూ 'ఏందీడ' అనగూడదు."

నా పదిహేనేళ్లకు దొరికిన పార్కు
కొళాయి వరుస.
నిండిన బిందె మలుపులో ఒంపేసి
మళ్లీ పోయి నిలబడేదాన్ని
చౌడేశ్వరి సగంలో ఆపిన ముచ్చట కోసం.
కడపలో, మే నెలలో, నీళ్లు ఒంపేయడం!
మా అమ్మకి ఇప్పటికీ తెలీదు.

ఎస్టిమేటు పద్దులన్నీ వెతికాను.
మట్టిపని ఉంది. కంచె ఉంది.
కంచె మీద మొనలకి వేరే రేటు కూడా ఉంది.
ఊరికే అనే పద్దు లేదు.

అందుకని రాశాను:
వరద రక్షణ గోడ, ఇరవైమూడు మీటర్లు,
ఎత్తు రెండున్నర అడుగులు, పైన నున్నటి కడప బండ.
"ఇంత పొట్టిది ఏ వరదని ఆపుతుందమ్మా?"
డి.ఈ. గారు కళ్లద్దాల పైనుంచి చూశారు.
నీళ్ల గురించి ఏదో చెప్పాను.
ఆయనకీ ఇంట్లో
గది తలుపు వేసుకునే కూతురుంది.
ఇంకేం అడగలేదు.

బోర్డు ఇంకా అక్కడే ఉంది, దాన్ని తీసే పద్దు కూడా లేదు.
నిన్న ఏడింటికి బండ ఇంకా వెచ్చగానే ఉంది.
నన్ను చూసి కుర్రాళ్లు సగం లేచి,
మళ్లీ కూర్చున్నారు.
గోడ చివర
తస్లీమా సైకిల్ దిగింది.

వాచ్‌మన్ విజిల్ జేబులో వేసుకుని వచ్చాడు.
"ఏంది మేడం, ఈ పొద్దులో ఈడ?"
ఊరికే, అన్నాను.