నవమి నాటి కొలత

పున్నమి నాకు పనికిరాదు.
నీడలేని వెలుతురులో
ఎత్తెంతో లోతెంతో అడిగినా చెప్పే దిక్కుండదు.
నాకు కావలసింది అష్టమి, నవమి,
వెలుగు ఎక్కడ తెగిపోతుందో ఆ అంచు.

పల్లంకుర్రు హైస్కూలు డాబా మీద
బదిలీ అయిన సైన్సు మాస్టారు వదిలేసిపోయిన టెలిస్కోపు.
ఆరంగుళాల అద్దం. విరిగిన కాలికి తాటిబద్ద కట్టాను.
పగలు లంకభూముల సర్వే నా ఉద్యోగం:
గొలుసు, జెండా కర్ర, పోయినేటి పటం,
పటంలో ఉన్న నాలుగు నంబర్లు
ఇప్పుడు ఏట్లో ఉన్నాయని రాసి సంతకం పెట్టడం.
రాత్రిళ్ళు మాత్రం
కదలని నేల కొలుచుకుంటాను.

కదలదంటాం గాని,
సముద్రం మీంచి తడిగాలి లేచిందంటే
ఫోను తెరలో చంద్రుడు
ఉడికే పాల మీద మీగడలా వణుకుతాడు.
రెండు నిమిషాల వీడియో, మూడువేల ఆరువందల బొమ్మలు.
రొయ్యసీడు తెల్ల పళ్ళెంలో పోసి
బతికినవి ఏరినట్టు ఏరతాను.
మూడొందలు మిగిల్తే ఎక్కువ.
గాలి ఊపిరి బిగబట్టిన ఆ కాసిని క్షణాల్నీ
ఒకదానిమీదొకటి పేర్చితే
ఇండుపగింజ అరగదీసిన బిందెలో
వరదనీళ్ళలా
మెల్లగా తేరుకుంటుంది నేల.

నిన్న నవమి.
మేఘసముద్రమని పేరు, చుక్క నీరుండదు.
అందులో ఒక నల్లగీత,
తిన్నగా, నూటపది కిలోమీటర్లు.
లోకమంతా దాన్ని గోడ అంటుంది.
నా కంటికి కొత్తేం కాదు,
వరద తీశాక లంక ఒడ్డు
ఇలాగే తెగి నిలబడుతుంది.

గొలుసు పట్టే కొల్లాబత్తుల ఆదెమ్మ
ఒక కన్ను చెంగుతో మూసుకుని చూసింది.
"అక్కడా కోతేనా అమ్మా?"
ఆవిడ ఎకరన్నర, దొండపాదు పందిరితో సహా,
పోయిన ఆగస్టులో ఏట్లోకి జారిపోయింది.
"ఏరు లేదు అక్కడ, ఆదెమ్మా."
"మరి తెగ్గోసిందెవరూ?"
లోపల నేలే చీలి ఒక పక్క దిగబడిందని చెప్పాను.
కాసేపు ఊరుకుని,
"ఎవరి పేరునుంది?" అంది.

చంద్రుడు దిగిపోయాక కూడా తెర ముందే కూర్చున్నాను.
నీడ ఇన్ని చుక్కలు, చుక్కకింత దూరం,
అక్కడ పొద్దు ఎంత పైకెక్కిందో పట్టికలో చూసి
లెక్క కట్టాను: మూడొందల మీటర్లకి అటూ ఇటూ.
ఏటిగట్టుని మించి ఎత్తెరగని ఊళ్ళో
కొండ కొలిచాను.

తర్వాత, పున్నమి దాటాక తీసిన పాత బొమ్మ బయటికి తీశాను.
అందులో అదే గీత తెల్లగా, ఎండ తగిలి.
దాని వెడల్పు రెండువేల అయిదొందలు.
మళ్ళీ కొలిచాను. అంతే.
గోడా కాదు, పాడూ కాదు.
గేదెలు దిగే రేవంత వాలు.

పొద్దున్నే ఆదెమ్మకి చెబితే నవ్వింది.
"ఆయ్! అయితే కాలు జారదులెండి.
మా గట్టే నయవంచన,
పైకి గట్టి, కిందంతా డొల్ల."

పడవ దిగి
ఆవిడ మిగులు భూమికి గొలుసు వేశాం.
అంచుకి నాలుగడుగులు ఇవతలే
జెండా కర్ర పాతింది, నేను చెప్పకుండానే.
పుస్తకం తెరిచాను.
రాత్రి చంద్రుడి పేజీలో
మార్పులు అన్న గడిలో లేవు అని రాసిన సిరా
అవతలి పేజీకి అంటుకుని ఉంది.
అరవై రెండు సెంట్లు, అని మొదలుపెట్టబోతే
ఆవిడ నా చెయ్యి పట్టుకుంది,
ఏటివైపు చెవి పెట్టి.

"ఉండండమ్మా.
ఇంకా రాయకండి."