అద్దె కోట

యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడు
చీటీ డబ్బులు చాప మీద పోసి లెక్కపెట్టుకున్నాం.
గ్రైండరు కొందామంది సువార్త.
కాదు, ఒక రాత్రికి కోట తీసుకుందామంది సామ్రాజ్యం.

అమరావతి రోడ్డు దిగి లోపలికి పోతే
పత్తి మోళ్ల మధ్య ఎవరో దొరల కోట.
వారసులు సున్నం కొట్టించి, ఏసీలు పెట్టించి
రాత్రికింతని అద్దెకిస్తున్నారు.
పెళ్లికి ముందు ఫొటోలు దిగేవాళ్లు వస్తారట,
హైదరాబాదు డాక్టర్లు వస్తారట.
ఫోన్లో కుర్రాడు "ఎన్ని జంటలండీ?" అన్నాడు.
"జంటల్లేవు నాయనా, పదమూడు మంది ఆడాళ్లం."
"ఏ కంపెనీ అండీ?"
సామ్రాజ్యం తడుముకోలా.
"మిరపకాయలు" అంది.
ఎగుమతి అనుకున్నట్టున్నాడు,
అక్కణ్ణుంచీ మేడమ్ మేడమ్ అన్నాడు.

రెండు ఆటోల్లో దిగాం.
కాపలా దేవసహాయం కాగితం తీసి చదివాడు:
గోడ మీది కత్తి ముట్టుకోరాదు.
తెల్ల దుప్పట్లకి మరకలైతే జరిమానా.
మరకలనగానే పదమూడు మందిమీ
చేతులు వెనక్కి పెట్టుకున్నాం.

మా చేతులు మీరు చూళ్లేదు.
కిలోకింతని తొడిమలు తీసి తీసి
గోళ్ల సందుల్లో ఎరుపు దిగబడిపోయింది.
పిల్లల ముఖం ఈ చేతుల్తో కడగం.
ఏడుపొచ్చినా
మోచేత్తోనే తుడుచుకుంటాం.

హాల్లో ఏనుగంత దీపాల గుత్తి.
కోటమ్మ సంచి విదిలించేసరికి
పాత కోరు రేగి అందరం ఒకటే తుమ్ములు.
పటంలో మీసాల దొర ఎట్లా ఆపుకున్నాడో మరి.

మస్తాన్‌బీ చీరతోనే పాలరాతి తొట్లో దిగింది.
"మా వీధి ట్యాంకరు సగం పట్టిందే దీంట్లో!"
ఆ నీళ్లు వదిలెయ్యడానికి మనసొప్పక
ఒకళ్ల తర్వాత ఒకళ్లం అందులోనే స్నానం చేశాం.
ఎనిమిదో మనిషికి మండటం మొదలెట్టింది.

పెద్ద మంచం పక్కన ఒక పట్టుతాడు.
లాగితే ఎక్కడో గంట మోగుతుంది,
నౌకరు పరుగెత్తుకు రావాలి. అప్పటి ఏర్పాటు.
రాత్రి పదకొండింటికి సామ్రాజ్యం లాగింది.

గంట మోగింది.
పన్నెండు మందిమి లేచి నిలబడ్డాం.
ఎవరు పిలిచారని చూళ్లేదు,
కొంగులు బిగించేశాం.
కోటమ్మ అప్పుడే చెప్పులు వెతుక్కుంటోంది.
తాడు చేతిలో పట్టుకుని సామ్రాజ్యం మా వంక చూసింది.
ఎవరం నవ్వలేదు.
తనూ నిలబడే ఉంది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ దేవసహాయం వచ్చాడు.
"ఏం కావాలమ్మా?"
అదే మాకు తెలీలా.
చివరికి సువార్త అడిగింది: "అన్నం తిన్నావా?"
"గెస్టులు పడుకున్నాక తింటానండి."

ఇరవై నాలుగు కుర్చీల బల్ల దగ్గర, దొర కుర్చీలో
బలవంతాన కూచోబెట్టాం.
ఇంటి నుంచి తెచ్చిన పండుమిరప పచ్చడి, చల్లన్నం.
రెండో ముద్దకే కళ్లెమ్మట నీళ్లు కారాయి.
చేతులు శుభ్రంగానే ఉన్నాయి, పక్కనే తువ్వాలుంది,
అయినా మోచెయ్యెత్తి తుడుచుకున్నాడు.
మేం తినడం ఆపాం.
"మా అమ్మ కాయలేరేది" అన్నాడు,
"ఏటుకూరు రోడ్డు గోడౌన్లలో.
ఇట్లాగే తుడుచుకోమనేది."
ఇంకాస్త అన్నం పెట్టింది సువార్త. వద్దనలేదు.

పొద్దున పదింటికి ఖాళీ చెయ్యాలి.
మంచాలన్నీ తనిఖీ చేశాడు దేవసహాయం.
ఒక తలగడ మీద నాలుగు వేళ్ల ఎరుపు.
చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకోవడం నాకలవాటు;
ఆ రాత్రంతా చెంప మండుతూనే ఉంది,
అయినా అంత నిద్ర ఎన్నడూ పోలేదు.
తలగడ తిరగేసి పెట్టి
"అన్నీ సవ్యంగా ఉన్నాయి" అని రాసుకున్నాడు.

ఆటో గేటు దాటీ దాటకముందే
సువార్త మళ్లీ గ్రైండరు సంగతెత్తింది.