ఆరు నిమిషాల పద్దు

ఫిబ్రవరి బిల్లు మంచుతోపాటే వచ్చింది.
తలుపు కింద రెండూ పేరుకున్నాయి.

హాలిఫాక్స్ రేవుకు ఎదురుగా, నాలుగంతస్తుల్లో మా లా ఫర్మ్.
లైబ్రరీ మాత్రం నేలమాళిగలో.
పుస్తకాలు అమ్మేశాక మిగిలింది
ఒక కంప్యూటరు, ఒక హీటరు, ఒడెట్ కోమో అనే నేను.
వెతికిన ప్రతి మాటకూ డబ్బు.
తెరిచిన ప్రతి తీర్పుకూ డబ్బు.
తెరిచి, అబ్బే ఇది కాదని మూసేసినా డబ్బే.

"కక్షిదార్లు ఇక కట్టరట," అంది అకౌంట్స్ బ్యూలా.
"వెతుక్కోవడం మీ పని, మధ్యలో మేమెందుకంటున్నారు.
సగానికి సగం కోసెయ్."
కోయడానికి ఇదేమైనా చేప తోకా?

సరే, కూర్చున్నాను.
కొత్తగా చేరిన టీగన్‌కి చెప్పాను:
ముందు ప్రశ్న కాగితం మీద రాసుకో, తర్వాత మీట నొక్కు.
ఊరికే దొరికే చోట మొదట చూడు.
తోచకపోతే నన్నడుగు, జీతం నాకెలాగూ ఇస్తున్నారు.
ఆ పిల్ల ఒక రాత్రి "నిర్లక్ష్యం" అని ఒక్క మాట కొట్టి
తొంభై వేల తీర్పుల ముందు గుడ్లు తేలేసింది.
ఆ రాత్రి ఖరీదు నా చలికోటు కంటే ఎక్కువ.

అయినా లెక్క తేలలేదు. చిల్లు ఇంకెక్కడో ఉంది.
పద్దులన్నీ వేలు పెట్టి చదివాను,
బియ్యంలో రాళ్ళేరినట్టు.

నలభై ఒక్కసార్లు.
ఒకే కేసు, ఒకే మనిషి, రాత్రి పదకొండు దాటాక.
మర్డాక్ జ్వికర్, పై అంతస్తు, మూలగది.
మా బోర్డు మీది పేర్లలో బతికున్నది ఆయనొక్కడే.

నేనూ తెరిచాను. (నా పేరు మీద పన్నెండు డాలర్లు.)
ముప్పై ఏడేళ్ళ నాటి తీర్పు.
లూనెన్‌బర్గ్ జాలరి ఈనస్ హిమెల్మాన్ పడవ మునిగింది.
బీమా కంపెనీ ఇవ్వనంది.
జడ్జి, ఇవ్వక్కర్లేదన్నాడు.
జాలరి తరఫు వకీలు: ఎం. జ్వికర్.

చదవడానికి తెరవడం లేదాయన. అది కంఠతా వచ్చే ఉంటుంది.
పక్కన పడే చిన్న ఎర్రజెండా కోసం చూస్తున్నాడు:
తర్వాతి కోర్టు ఏదైనా, ఎక్కడైనా,
ఆ రోజు చెప్పింది తప్పని అన్నదేమోనని.

పైకెళ్ళాను. ముందు కాసేపు
వాతావరణం పేరు చెప్పి నీళ్ళు నమిలాను.
తర్వాత అన్నాను:
"ఆ కేసు మీద నిఘా పెట్టాను, పైసా ఖర్చు లేదు.
ఏ జడ్జి దాన్ని ముట్టుకున్నా నాకు కబురొస్తుంది.
మీరిక వెతకక్కర్లేదు."
ఆయన కళ్ళజోడు తీసి టై కొసతో తుడిచాడు,
మరక లేని అద్దాన్ని, చాలాసేపు.
"వస్తే, నువ్వే వచ్చి చెప్తావా?" అన్నాడు.
"ఈమెయిల్ వద్దు."

మార్చి బిల్లు చూసి బ్యూలా బ్లూబెర్రీ కేకు కొంది.
టీగన్ రెండు ముక్కలు తింది.

ఇప్పుడు గురువారాలు ఆయనే కిందికొస్తాడు,
లిఫ్టు ఉన్నా, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ.
"ఏమైనా?"
"ఇంకా లేదు."
హీటరు దగ్గర చేతులు చాపి కాస్త నిలబడి వెళ్ళిపోతాడు.

మా టైమ్‌షీట్‌లో ఆరు నిమిషాలకొక గడి.
అది ఎవరి పద్దులో పడాలో రాయడానికి ఇంకో గడి.
మొదటిది నింపుతాను.
రెండోదాంట్లో, గత కొన్ని వారాలుగా,
ఈనస్ హిమెల్మాన్ అని రాస్తున్నాను.

బ్యూలా ఇంకా పట్టుకోలేదు.