కార్జం రోజు

జహ్రాలో ఫ్రిజ్ తలుపుకి అతికించిన చీటీ
నా పలక.
అహద్ అంటే కోడి మెడలు, పచ్చివే;
ఉడికిన ఎమిక చీలి గొంతులో దిగబడతాది.
ఇత్నేన్, ఒంటె గుండె.
తలాత, కార్జం. రెండువేళ్ళంత,
మించితే బేదులే.
గడ్డకట్టిన మాంసం కింది అరలోనే కరగాల, రాత్రంతా.
బయటపెడితే ఈ ఎండకి గంటలో వాసన.
ఎర్ర చెక్క దానిది, తెల్లది మనుషులది.
ఆపైన మోచేతుల దాకా సబ్బు.

రీమ్, ఎమికలకి గాలి చుట్టినట్టుండే వేటకుక్క,
గిన్నె నాకి నా మొహం చూస్తాది
రేపేం వారమని.

మొన్న టికెట్ ఇచ్చినారు.
తేదీ పక్కన అరబ్బీ అక్షరాలు,
ఎవురినీ అడగలే.
తలాత.

ఆ పొద్దు
ఎవురి వేళ్ళతో కొలుస్తారో.