ఒకటే గడి

ఏప్రిల్. గిండి. ఐదుంపావు.
గడ్డి మీద వాలింది మంచు కాదు,
వేళచ్చేరి రోడ్డు పొగ.

నా ఫారంలో ఇర్రికి పదకొండు గడులు:
కొమ్ముకి ఎన్ని మెలికలు, ఏ పెంటకుప్ప తనది,
ఎవరితో ఎన్నిసార్లు ఢీకొన్నాడు,
ఎంతసేపు గుర్రుమన్నాడు...
లేడికి ఒకటే గడి.
వచ్చింది, లేదా రాలేదు.

ఇవాళ వచ్చింది.
ఎడమ చెవి చీలిన లేడి.
వాచర్ ఏలుమలై దానికి పెట్టిన పేరు ఇన్‌స్పెక్టరమ్మ.
"అందరి దగ్గరా ఆగుద్ది మేడమ్,
ఎవరి దగ్గరా కూర్చోదు."

మొదటివాడు ముక్కు పైకెత్తి
కొమ్ములు వీపుకానించి
తోక వంకీ తిప్పి, అడుగులో అడుగేస్తూ చుట్టూ తిరిగాడు.
అది మేసింది.
వాడు తిరిగినంతసేపూ మేసింది.
ఒకసారి తలెత్తితే
ఒప్పుకుందనుకున్నాడు వాడు,
నేనూ అనుకుని పెన్సిల్ ఆనించాను.
మీనంబాక్కం వైపు దిగుతున్న విమానాన్ని చూసిందంతే.

రెండోవాడు అడ్డం తిరిగి లోపలికి తోలబోయాడు.
ఒక్క గెంతు.
నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలని వదిలేశాయి.
దిగాక మళ్ళీ అదే నడక,
ఉప్పు కొనడానికి వెళ్తున్నట్టు.

మామూలు రోజుల్లో మంద దాటదు.
ఈ ఒక్క రోజూ
ముళ్ళపొదల దాకా, గోడ దాకా,
గోడవతల బస్సు హారన్ దాకా పోయి
తిరిగొచ్చింది.
దాని అడుగులు కాగితం మీద గీస్తూ పోయాను.
గీత పదకొండు గడుల్నీ కొట్టేసుకుంటూ పోయింది.

మగవాళ్ళకి తలా ఇంత చెక్క నేల.
దాని అంచు మీదే పొద్దస్తమానం కాపలా,
పక్కవాడి గడ్డి రుచి తెలీదు ఒక్కడికీ.
మైదానం మొత్తం తెలిసింది
ఆ చీలిన చెవికే.

రెండూ పదికి టీకి వెళ్ళాను.
పొద్దున్నించీ ఏమీ తినలేదు,
ఒక బన్ను కూడా.
ఇరవై నిమిషాలు.

వచ్చేసరికి అది నీడలో
మిగతా లేళ్ళ మధ్య నెమరేస్తోంది.
ఏలుమలై చెట్టుకానుకుని బీడీ ఆర్పుతున్నాడు.
"అయిపోయింది మేడమ్."
"ఎవరు?"
"నేను మొహం తిప్పుకున్నా మేడమ్.
అది దాని పని కదా."

కోపం వచ్చింది.
ఆరు నెలల పని, రెండు వేసవుల ఎండ,
బైనాక్యులర్స్ తాడు మెడ మీద వేసిన వాత.
మైదానంలో ఇర్రులన్నీ
ఎవరి చెక్కలో వాళ్ళు నిలబడి
గెలిచినవాడిలాగే గుర్రుమంటున్నాయి.

లేడి ఓసారి చెవి విదిలించింది,
ఈగ కోసం.

గడిలో రాశాను:
వచ్చింది.